ఆల్చిప్పల కిటికీలు

పోయిన శుక్రవారం గ్లెండా మా ఇంటికి వచ్చింది. తలుపు తీయగానే "ఏం మే, బాగుండావా?" అంది. గోవా వాళ్ళింట పుట్టి ఇక్కడ కువైట్లోని ఫహాహీల్‌లో పెరిగిన మనిషి నోట మా రాజంపేట మాట వినిపించేది బహుశా మా గడపలోనే. ఆ నాలుగు తెలుగు ముక్కలూ చిన్నప్పుడు మా అమ్మ దగ్గర నేర్చుకుంది. మిగతా కబుర్లన్నీ ఎప్పటిలాగే సగం ఇంగ్లీషులో, సగం హిందీలో నడిచాయి. వాళ్ళ అమ్మాయి ఎలీసా, మా ఆద్య లోపలి గదిలో ఆడుకుంటున్నారు. చంటివాడు నా ఒళ్ళో ఉన్నాడు. గ్లెండా సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని, పోయిన సెలవుల్లో లిస్బన్ వెళ్ళినప్పటి ఫోటోలు ఫోన్లో ఒక్కొక్కటే జరుపుతూ చూపించింది. నది ఒడ్డున తెల్లరాతి బురుజు. ఓడల తాళ్ళు మెలిపెట్టి ముడివేసినట్టు రాతిని చెక్కిన పాత మఠం. నీలంరంగు బొమ్మల పలకలు నేల నుంచి కప్పు దాకా అంటించిన గోడలు. ప్రతిదాని ముందూ ఎలీసా పళ్ళు కనబడేలా నవ్వుతూ నిలబడింది. "బాగానే ఉంది గానీ వాణీ, నాకైతే ఎవరో మా షమాయ్ ఇంటిని చూసి వచ్చి, అది చాలక ఇంకాస్త పెద్దగా కట్టుకున్నట్టనిపించింది" అంది. గొప్పకు అనలేదు. మామూలుగా, ఎదురింటి సంగతి చెప్పినట్టు అంది. నాకు మండింది అక్కడే.

షమాయ్ అంటే వాళ్ళ కొంకణిలో నాయనమ్మ. ఆమె భర్త, అంటే గ్లెండా తాత, గోవా పోర్చుగీసు వాళ్ళ చేతిలో ఉన్నప్పుడు పుట్టాడు. ఆ పుట్టుక అక్కడి రిజిస్టరులో రాసి ఉంది. ఆ ఒక్క వరుస పట్టుకుని మూడేళ్ళ క్రితం గ్లెండా పోర్చుగల్ పాస్‌పోర్టు తెచ్చుకుంది. మేమిద్దరం ఒకే బడిలో ఒకే బెంచీ మీద చదువుకున్నాం. డిగ్రీలో మార్కులు నాకే ఎక్కువ. పెళ్ళికి ముందు ఇద్దరం ఒకే ఇండియన్ స్కూల్లో పాఠాలు చెప్పాం. ఇప్పుడామె తెల్లవాళ్ళ పిల్లలు చదివే స్కూల్లో యూరప్ జీతం తీసుకునే టీచరు. మనిషి అదే, చదువు అదే, చివరికి బోర్డు మీద రాసే వంకర రాత కూడా అదే. దరఖాస్తులో దేశం పేరు రాసే గడి ఒక్కటే మారింది. నేను చంటివాడికి పాలు పడుతూ, మా ఆయన కంపెనీ ఈసారి ఇఖామా, ఇక్కడ ఉండనిచ్చే ముద్ర, ఎన్నాళ్ళకు కొట్టిస్తుందా అని ఎదురుచూస్తున్నాను. ఇది కుళ్ళు అని నాకు తెలుసు. పేరు తెలిసినంత మాత్రాన తగ్గే జబ్బు కాదు.

ఫోన్ పక్కన పెట్టి అసలు మాట అడిగింది. "వచ్చే నెల ఎలీసాను మా ఊరు తీసుకెళ్తున్నాను. మా ఇల్లు చూడటానికి ఇదే ఆఖరు. వచ్చే ఏడాది నుంచి హోటల్ వాళ్ళు తీసుకుంటున్నారు. ఆద్యను నాతో పంపు. పది రోజులే. అప్పుడు మా మమ్మీ నిన్ను తీసుకెళ్ళినట్టే అనుకో. గురువారం లోపల చెప్పు, విమానంలో మా పక్క సీటు ఖాళీగా ఉంది." లోపలి గదిలో ఆట చప్పుడు ఆగిపోయింది. గుమ్మం పక్క నుంచి ఆద్య ఒక కన్ను మాత్రమే కనిపించింది. ఎనిమిదేళ్ళ పిల్ల కంటిలో అంత ఆశ ఎలా పడుతుందో! "వాళ్ళ నాన్ననడిగి చెప్తాను" అన్నాను. నేను ఏమీ చెప్పదలుచుకోనప్పుడు అనే మాట అది. సాయంత్రం మా ఆయన చెప్పులు విప్పుతూనే "పోనీలే, పంపు. అనుమతి కాగితం మీద సంతకం నేను పెడతా" అన్నాడు. అడ్డం పెట్టుకున్న మనిషే తొలగిపోయాడు. పిల్లలు పడుకున్నాక నాలుగు రోజులుగా ఈ కాగితాల ముందు కూర్చుంటున్నాను. ఎందుకు పంపలేకపోతున్నానో రాస్తేనైనా తెలుస్తుందని.

మేముండిన ఫహాహీల్ ఫ్లాటు మూడో అంతస్తులో ఉండేది. ఎదురు తలుపు గ్లెండా వాళ్ళది. మా నాన్న సబ్హాన్‌లో ఒక వర్క్‌షాపులో స్టోర్‌కీపరు. తెల్లారకముందే కంపెనీ బస్సు ఎక్కేవాడు. అమ్మ ఇంట్లో బ్లౌజులు కుట్టేది. కింద బేకరీలో ఖుబ్బూస్ రొట్టెలు కాలే వాసనతో మాకు తెల్లారేది. గాలి దక్షిణం నుంచి తిరిగితే రిఫైనరీ వాసన వచ్చేది, తూర్పు నుంచైతే సముద్రం వాసన. శుక్రవారాలు కారిడార్ నిండా ఫిలు ఆంటీ చేప మీద పోసే వెనిగర్ ఘాటు, మా అమ్మ తిరగమోత ఘాటు ఒకదాన్నొకటి తోసుకునేవి. ఫిలు ఆంటీ అంటే గ్లెండా వాళ్ళమ్మ. మోకాళ్ళ కిందికి దిగే పూల గౌను వేసుకుని, చేతిలో గరిటెతోనే మా ఇంట్లోకి వచ్చేసేది. ఆ గౌన్లన్నీ అమ్మ కుట్టినవే. ఏసీ నుంచి కారే నీళ్ళను అమ్మ బకెట్టులో పట్టి ఇల్లు తుడిచేది. మా కిటికీలకు ఎండ రాకుండా వంటింటి వెండికాగితం అంటించి ఉండేది. కువైట్లో సగం కిటికీలు ఇప్పటికీ అంతే. బయట మిట్టమధ్యాహ్నమైనా లోపల ట్యూబులైటు వెలుగుతూనే ఉండాలి. అమ్మ ఎర్రదారం ఏదో మెరూన్ దారం ఏదో పోల్చుకోలేనప్పుడు వాకిలి తీసి, కారిడార్ చివరి వెలుతురులో పట్టి చూసేది. అద్దె గోడకు మేకు కొట్టడానికి లేదు. క్యాలెండర్ కూడా టేపుతో అంటించుకునేవాళ్ళం. మంచం కింద సూట్‌కేసులు ఎప్పుడూ సగం సర్ది ఉండేవి, రేపే ఊరికి పోతున్నట్టు.

నేను ఆరో తరగతిలో ఉండగా అమ్మకు ఏడో నెల. ఆ ఎండాకాలం విమానం ఎక్కొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఊరికి పోవడం లేదని నేను రెండు రోజులు అన్నం మానేశాను. ఆ ఏడుపు కారిడార్ దాటి వినిపించిందేమో, ఫిలు ఆంటీ వచ్చి అమ్మతో "రమణా, నీ బిడ్డను నాతో పంపు, గ్లెండాతో పాటు తిరిగొస్తుంది" అంది. అమ్మ వెంటనే సరేననలేదు. మూడు రోజులు మిషను ముందు కూర్చుని ఏదో కుడుతూనే ఉంది. నాలుగో రోజు నా సూట్‌కేసు మంచం కింది నుంచి లాగింది. గల్ఫు నుంచి ఎవరింటికైనా పోతూ ఒట్టిచేతులతో పోకూడదు కదా, ఆరెంజ్ పొడి డబ్బా, పాలపొడి, నాలుగు విదేశీ సబ్బులు, తలనొప్పి బామ్ సీసాలు సర్దింది. "పెద్దామె చేతికే ఇయ్యి. కాళ్ళకు మొక్కు" అని మూడుసార్లు చెప్పింది. అక్కడ షమాయ్ ఆ డబ్బాలు అందుకుని, నన్ను చెయ్యిపట్టుకుని వంటగదిలోకి తీసుకెళ్ళి అల్మారా తెరిచింది. అదే ఆరెంజ్ పొడి, అదే పాలపొడి, అవే సబ్బులు మూడు వరుసలుగా ఉన్నాయి. ఆ ఊళ్ళో ప్రతి ఇంటి నుంచీ ఒకరు గల్ఫులో ఉన్నారు. "మీ అమ్మకు చెప్పు, మా ఇంట్లో గోవా తక్కువ, కువైట్ ఎక్కువ" అని పళ్ళు లేని నోటితో పకపకా నవ్వింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం అమ్మ అంత ఆలోచించి సర్దిన సూట్‌కేసును నడివీధిలో తెరిచిపెట్టినట్టయింది.

ఆ ఇల్లు మాండవి నది మధ్య ఒక దీవి మీద ఉంది. వాన పడుతుంటే పడవలో దాటి వెళ్ళాం. పడవ మీదే స్కూటర్లు, కోళ్ళ గంపలు, ఒక పెళ్ళికొడుకు. ఇంటి ముందు నాలుగు మెట్లెక్కితే, రెండు వైపులా రాతి అరుగులున్న చిన్న పందిరి. దాన్ని వాళ్ళు బల్కావ్ అంటారు. సాయంత్రమైతే షమాయ్ అక్కడ కూర్చుని దారిన పోయే ప్రతివాడినీ పేరు పెట్టి పిలిచి, ఏం వండారో అడిగి తెలుసుకునేది. లోపల అద్దంలా మెరిసే ఎర్రటి గచ్చు, చెప్పులు లేని కాళ్ళకు చల్లగా తగిలేది. గోడల మీద నీలం పువ్వుల పింగాణీ పళ్ళాలు. వాటిని మేకులకు తగిలించారు, ఎవరినీ అడక్కుండా! ఇక కిటికీలు. అద్దాల బదులు ఆల్చిప్పలు. అరచెయ్యంత చిప్పలను పలచగా, నలుచదరంగా కోసి చెక్క చట్రాల్లో వరసగా దూర్చారు. వాటి గుండా వెలుతురు వడపోసిన పాలలా లోపలికి దిగేది. తెల్లవారుజామున గ్లెండా పక్కన పడుకుని ఆ వెలుతురు నేల మీద పాకడం చూసేదాన్ని. గ్లెండా వెల్లకిలా పడుకుని గురకపెట్టేది. ఇంత వెలుతురు తన సొంతమైన పిల్ల ఎలా నిద్రపోగలదా అని ఒళ్ళు మండేది.

ఒకరోజు ఫిలు ఆంటీ మమ్మల్ని పడవలో నది దాటించి పాత గోవా చూపించింది. రేవు దగ్గర ఎర్రరాతి తోరణం. ఒకప్పుడు ఓడ దిగిన ప్రతి కొత్త గవర్నరూ దాని కింద నుంచే ఊళ్ళోకి నడిచేవాడట. మేము గొడుగులు ముడుచుకుని దాని కింద నుంచే నడిచాం. సున్నం లేని ఎర్రరాతి చర్చి వానకు నానిపోయి నల్లగా ఉంది. ఎదురుగా తెల్లటి పెద్ద చర్చికి రెండు గోపురాలు ఉండాల్సిన చోట ఒకటే ఉంది. రెండోది ఎప్పుడో కూలిందట, మళ్ళీ కట్టలేదట. గుట్ట మీద, పైకప్పు పోయి ఒంటిగా మిగిలిన గోపురం పగుళ్ళలో రావిమొక్కలు మొలిచాయి. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. గ్లెండా మాత్రం ఆకలేస్తోందని గోల. తెల్ల చర్చి లోపల నేల మీద పరిచిన బండలు పాతకాలపు సమాధులని ఆంటీ చెప్పింది. వాటి మీద పేర్లు చెక్కి ఉన్నాయి. గ్లెండా ఒక బండ మీద కాలితో నీళ్ళు తుడిచి, "ఇదిగో, మా ఇంటిపేరు" అంది. నాకూ ఒకటి కావాలని ఆ హాలంతా వంగి వంగి వెతికాను. వెర్రిదాన్ని, మా ఇంటిపేరు అక్కడెందుకుంటుంది? అందరూ డబ్బు పెట్టి చూడటానికి వచ్చే కట్టడం ఆమెకు పెరడు. నాకు మేకు కొట్టే గోడ కూడా లేదు. పంజిమ్‌లో రంగురంగుల పాత ఇళ్ళ వీధుల్లో తిప్పుతూ ఆంటీ, పూర్వం ఇక్కడ తెల్లరంగు చర్చిలకే ఉండేదని, ఇళ్ళవాళ్ళు ప్రతి వానాకాలం పోయాక పసుపో నీలమో వేసుకోవాల్సిందేనని చెప్పింది. గోడకు రంగు వేయకపోతే తప్పయ్యే ఊరు కూడా ఉందని విన్నాక గ్లెండాతో మాట్లాడటం మానేశాను. ఎందుకని అడిగితే కడుపునొప్పి అన్నాను. అబద్ధమేమీ కాదు.

కువైట్‌కు తిరిగి వచ్చాక నేను నేనుగా లేను. మా ఫ్లాటు అగ్గిపెట్టె అన్నాను. మన నేల మెరవదే, మన కుర్చీలు ప్లాస్టిక్‌వే, మన కిటికీల్లో చీకటే అన్నాను. అమ్మ మిషను తొక్కుతూ వినేది. "అయితే ఆ కిటికీలు ఎట్లుంటాయి మే?" అని ఒకసారి అడిగింది. "ఆల్చిప్పలతో. తెల్లగా. నీకు చెప్పినా తెలీదులే" అన్నాను. తర్వాత వారం నేను బడి నుంచి వచ్చేసరికి హాల్లో ట్యూబులైటు వెలగడం లేదు. అయినా వెలుతురుంది. అమ్మ కిటికీకున్న వెండికాగితం మొత్తం గోకి తీసేసింది. నిండు చూలాలు, స్టూలు మీద నిలబడి. దాని స్థానంలో కొత్త పరదా వేలాడుతోంది. బ్లౌజుల లైనింగులో మిగిలిన తెల్ల, మీగడరంగు గుడ్డముక్కలను అరచెయ్యంత నలుచదరాలుగా కత్తిరించి, మధ్యలో గోధుమరంగు పట్టీలు చట్రంలా వేసి, ఒక్కొక్కటే కలిపి కుట్టింది. ఎండ దాని గుండా వస్తోంది. గది కాలిపోతోంది, ఏసీ రొప్పుతోంది. అమ్మ ముఖమంతా చెమట. నా ముఖం వంక చూస్తూ నిలబడింది.

"ఇది అది కాదు" అన్నాను.

అంతే అన్నాను. అమ్మ తిట్టలేదు. నాన్న సాయంత్రం వచ్చి, ఈ వేడికి మనుషులు బతకాలా వద్దా అని అరిచాడు. మర్నాటికి కిటికీ మీద వెండికాగితం తిరిగి వచ్చింది. పరదా ముక్కలు విడిపోయి, ఎవరెవరి బ్లౌజుల లోపలికో వెళ్ళిపోయాయి. ఆ నెలంతా అమ్మ, ఎదురు తలుపు తీసిన చప్పుడైతే మా తలుపు తీసేది కాదు. ఒంట్లో బాగాలేక అనుకున్నాను. ఆమెకూ ఒక మంట ఉంటుందని ఆ వయసులో నాకు తోచలేదు. తల్లులు ఓర్చుకునేవాళ్ళు అనుకునేదాన్ని. ఇప్పుడు నా హాల్లో కిటికీలకు మంచి కర్టెన్లున్నాయి, నేల టైల్సు, లిఫ్టు పనిచేస్తుంది. అమ్మ కాపురంతో పోలిస్తే నాది బంగారం. అయినా శుక్రవారం నుంచి ఆద్య కంటితో ఈ ఇంటిని చూస్తూ, ఇక్కడ ఏమేమి లేవో ముందుగానే లెక్కపెట్టుకుంటున్నాను. ఆ పిల్ల తిరిగి వచ్చి ఈ గుమ్మంలో నిలబడి ఏమంటుందో నాకు తెలుసు. అన్నది నేనే కదా.

నిన్న మధ్యాహ్నం చంటివాడు నిద్రపోయాక అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ ఇప్పుడు బెంగళూరులో తమ్ముడి దగ్గర ఉంటుంది. ఇప్పటికీ చీరలకు ఫాల్ కుడుతుంది. ఫోన్ స్పీకర్లో పెట్టి పని మానకుండా మాట్లాడుతుంది.

"గ్లెండా ఆద్యను వాళ్ళ ఊరికి పంపమంటోంది మా."

"పంపు. ఏం, భయమా?"

"పడవలో దాటాల. వానలు. దోమలు. నది."

"అవన్నీ నువ్వు పోయినప్పుడూ ఉన్నెయ్యి. అసలు సంగతి చెప్పు."

"వచ్చినాక దానికి మన ఇల్లు కంటికి ఆనదేమోనని."

మిషను చప్పుడు ఆగింది. "ఆనదు. నీకు ఆనిందా?"

"మరి నన్నెందుకు పంపినావు మా?" అని అడిగాను. ప్రేమతో అంటుందనుకున్నాను. కనీసం, ఏడుస్తున్నావని అంటుందనుకున్నాను.

"కుళ్ళుతో పంపినా" అంది అమ్మ. "ఇంకేం అనుకుంటివి? ఫిలు ఎప్పుడు వచ్చినా మా ఇల్లు, మా ఇల్లు. దాని నోట్లో ఆ ఇల్లు తప్ప ఇంకోటి లేదు. నేను పోలేను. పోదామంటే కడుపుతో ఉంటి, మీ నాయనా పంపడు. నేను పోకపోయినా నీ కండ్లన్నా పోయి చూసి రానీ అని మూడు దినాలు ఆలోచన చేసి పంపినా. వచ్చి ఏం జేసినావు? మన ఇంట్లో ఇది లేదు, అది లేదు అనే పాట. ఆ ఇంట్లో ఏముండాదో ఒక్కనాడన్నా నా పక్కన కూచోని చెప్పినావా? నువ్వు ఇసిరేసిన రెండు ముక్కలతోనే సరిపెట్టుకుంటి."

"ఇప్పుడు చెప్పేదా?"

"ఇప్పుడు చెప్తే వద్దంటానా? ఉండు, మిషను మూసొస్తా."

చెప్పాను. పడవ దగ్గర మొదలుపెట్టాను. మెట్లు, అరుగులు, ఎర్రగచ్చు, పళ్ళాలు, గది మూలన దేవుడి అల్మారా, దాని ముందు సాయంత్రం మోకాళ్ళ మీద కూర్చుని ఇంటిల్లిపాదీ పాడే పాట, వంటింటి పొగ, మిద్దె మీద ఎండుచేపల వాసన. ఇన్నేళ్ళూ అసూయగా మాత్రమే గుర్తుందనుకున్నది, విడదీసి చెప్తుంటే ఒక్కొక్కటీ చక్కగా ఉంది. అమ్మ ఊరికే వినలేదు. "ఆ చిప్పలు పగిలితే ఎవురు యేస్తారు?" అంది. "అంత తడిలో బట్టలెట్ల ఆరతాయి?" అంది. గచ్చు ఎర్రగా ఉండటానికి ఏం పూస్తారో నాకు తెలియకపోతే, "అది కనుక్కోకుండా వచ్చినావా!" అని కోప్పడింది. కూలిన గోపురం సంగతి మాత్రం రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత, "అంత పెద్ద గుడి కట్టినోళ్ళకు కూడా రెండోది నిలబెట్టేదానికి కాలేదా" అంది. ఆ గొంతులో ఇన్నేళ్ళకు కొంచెం తృప్తి వినిపించింది. దాచుకోవడానికి ప్రయత్నించలేదు. నేనూ నవ్వాను. చంటివాడు లేచి ఏడ్చేదాకా మాట్లాడుకున్నాం.

ఈ ఉదయం గ్లెండాకు ఫోన్ చేసి సరేనన్నాను. "భలే మే!" అని అరిచింది. కుళ్ళు తగ్గిందా అంటే, లేదు. విమానాశ్రయంలో ఆమె ఎలీసా చెయ్యి పట్టుకుని ఒక వరుసలో, మా పిల్ల తన ఇండియా పాస్‌పోర్టుతో ఇంకో వరుసలో నిలబడతారేమో అని అప్పుడే ఒక కొత్త మంట మొదలైంది. ఆద్య బడి నుంచి రాగానే బ్యాగు దించకముందే చెప్పాను. గంతులు వేస్తుంటే భుజాలు పట్టుకుని ఆపాను.

"ఒక షరతు. వచ్చాక మన ఇంట్లో ఏం లేవో చెప్పుకో, నేనేమీ అనను. కానీ ముందు అక్కడ ఏమేమున్నాయో నన్ను కూర్చోబెట్టి చెప్పాలి. నేల ఎర్రగా ఉండటానికి ఏం పూస్తారో కనుక్కొని రావాలి."

"ఫోటోలు పంపిస్తా కదమ్మా."

"ఫోటోలు కాదు. నోటితో."

"ఎన్ని రోజులు చెప్పాలి?"

"పది రోజులు చూస్తావు కదా. పది రోజులు చెప్పు."

"అన్ని రోజులా! నీకు బోర్ కొట్టదా?" అంది.

"కొట్టదు" అన్నాను. "నువ్వు చెప్తూ ఉండు."